తక్కోలము రణభూమి

తిరువళ్ళూరు నుండి అరక్కోణమునకు పోవు రైలుబండిలో కిటికీ ప్రక్కన కూర్చున్నవారికి కడంబత్తూరు, మణవూరు, తిరువాలంగాడు స్టేషనులు ఒకటి వెంట నొకటి వచ్చును. ఎడమవైపున చూచినచో చేలు, తాటిచెట్లు, చెరువుకట్టలు తప్ప కంటికాగునట్టిది మరేమియు లేదు. ఆ దిక్కుననే కొన్నిమైళ్ళ దూరమున, కుశస్థలీ నది చెంత, తక్కోలమను ఊరు కలదు. ఆ యూరికి దాపున కేశవరము ఆనకట్ట కడ నదినుండి యొక పాయ చీలి కూవమను పేరుతో మద్రాసునకు పోవును. ఊరిలోని జలనాథేశ్వరుని దేవళము జ్ఞానసంబంధులవారు కీర్తించిన శైవక్షేత్రము. పూర్వపు పేరు తిరువూరల్. 'ఊరల్' అనగా నీటియూట. ఇంతటి చల్లని పేరుగల చోట, క్రీ. శ. 949 లో, దక్షిణాపథమునందలి రెండు మహారాజ్యములు తమ బలమునంతయు ఒడ్డి పోరాడినవి. ఒక యువరాజు ఏనుగుపైననే మడిసెను. దక్షిణదేశ చరిత్ర అర్ధశతాబ్దము పాటు త్రోవ మార్చుకొనెను.

తక్కోలమను పేరు మరియొక చోటను వినబడును. సముద్రమునకు ఆవల మలయా ద్వీపకల్పమున ఒక తక్కోలము కలదనియు, దానిని రాజేంద్రచోళుని నౌకాసేన జయించెననియు శాసనములందున్నది. ఆ రేవునకును మా తక్కోలమునకును పేరు కలిసినదేకాని వేరు సంబంధము లేదు. కొందరు రచయితలు ఈ రెంటిని కలగాపులగము చేయుట చూచి ఈ మాట ముందుగనే చెప్పవలసివచ్చినది.

సేనలు నడచు దారులు ఊరక యేర్పడవు. మైసూరు పీఠభూమి నుండి పాలేటి లోయ వెంబడి దిగివచ్చువాడును, నెల్లూరు, తిరుపతుల వైపునుండి దక్షిణమునకు సాగువాడును, కాంచీపురము నుండి ఉత్తరమునకు కదలువాడును ఈ నడిమి మైదానమున ఎదురుపడక తప్పదు. ఏడవ శతాబ్దిలో పల్లవ మహేంద్రవర్మ శత్రువులను గెలిచితినని చెప్పుకొన్న పుళ్ళలూరు ఇచటికి దూరము కాదు. 1780, 1781 సంవత్సరములలో హైదరాలీకిని కుంఫిణీవారికిని పొల్లిలూరు వద్దను షోళింగపురము వద్దను జరిగిన యుద్ధములును ఈ చుట్టుపట్లవే. 1856 లో దక్షిణదేశమున మొట్టమొదటి యినుపదారిని రాయపురము నుండి వాలాజా వైపునకు వేసిన ఇంజనీర్లును ఈ త్రోవనే ఎన్నుకొనిరి. వారు చరిత్ర చదివి ఎన్నుకొనలేదు. నేల చూచి ఎన్నుకొనిరి. రాజులును అంతియే.

తక్కోలము కథకు పీఠిక తిరుత్తణిలో నున్నది. కొండమీది సుబ్రహ్మణ్యస్వామిని సేవించి తిరిగివచ్చు యాత్రికులలో దిగువనున్న వీరట్టానేశ్వరుని చిన్నగుడిని చూచువారు మిక్కిలి తక్కువ. పల్లవరాజులలో తుదివాడగు అపరాజితుని కాలమున నంబి అప్పి యనునాతడు ఆ గుడిని కట్టించెను. అపరాజితుని 18 వ పాలనవత్సరపు శాసనమచట కలదు. అందలి తమిళపద్యమును రాజే స్వయముగా చెప్పెనని కూడ వ్రాసియున్నది. తిరుత్తణికి దగ్గరనున్న వేలంజేరిలో 1977 లో రెండు రాగిశాసనములు బయటపడెను. ఒకటి ఈ యపరాజితునిది, రెండవది చోళ పరాంతకునిది. ఓడిన వంశపువాని పత్రమును, గెలిచిన వంశపువాని పత్రమును ఒకే యూరి మట్టిలో ఇన్నివందలయేండ్లు కలిసియుండుట మాకెపుడును వింతగా తోచును.

అపరాజితుని చంపి తొండమండలమును చోళరాజ్యమున కలిపినవాడు పరాంతకుని తండ్రి ఆదిత్యచోళుడు. ఎత్తైన యేనుగుపై కూర్చున్న పల్లవరాజు మీదికి ఆదిత్యుడు లంఘించి సంహరించెనని కన్యాకుమారి శాసనము చెప్పుచున్నది. చదువరులు ఈ దృశ్యమును జ్ఞప్తియందుంచుకొనవలెను. ఏనుగుపై కూర్చున్న రాజకుమారుని పడగొట్టుట మరల రానున్నది. అపుడు పడువాడు ఆదిత్యుని మనుమడే.

పరాంతకుడు 907 లో సింహాసనమెక్కి దాదాపు అర్ధశతాబ్దము ఏలెను. మధురను గెలిచెను, చిదంబరమున నటరాజు సన్నిధికి బంగారు కప్పు వేయించెను. కాని ఉత్తరదిక్కున అతడు సంపాదించిన భూమి యెంతయో, సంపాదించిన పగ అంతకు మించినది. బాణరాజులను వారి సీమనుండి వెళ్ళగొట్టి, ఆ బాణాధిరాజ బిరుదమును తన మిత్రుడు గంగవంశపు రెండవ పృథ్వీపతికి కట్టబెట్టెను. షోళింగపురపు బండమీది శాసనము ఈ సంగతిని చెప్పుచున్నది. రేనాటి తెలుగుసీమలో ఏలిన వైదుంబులను ఓడించెను. 941 ప్రాంతమున అతని సేనాపతి మారన్ పరమేశ్వరుడు నెల్లూరును ధ్వంసముచేసి, తిరిగిపోవుచు తిరువొత్తియూరు శివునికి దానము సమర్పించి, ఆ విజయమును రాతిపై చెక్కించిపోయెను. రాజ్యము కోలుపోయిన బాణులు, వైదుంబులు ఎవరిని ఆశ్రయింపవలెను? పడమట మాన్యఖేటమున రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడున్నాడు. తమిళ శాసనములందు కన్నరదేవుడని పేర్కొనబడినవాడు ఇతడే.

కృష్ణుడు 939 లో పట్టమునకు వచ్చెను. అతని సోదరి రేవకనిమ్మడిని పెండ్లాడిన గంగ బూతుగుడు, తనవంశపు రాచమల్లుని చంపి గంగవాడిని చేజిక్కించుకొనెను. వెనుక కృష్ణుని చేయూత కలదు. చోళుల పక్షముననున్న పృథ్వీపతి ఆ కాలముననే గతించెను. ఈ విధముగా మైసూరు దిక్కున చోళులకు అడ్డుగోడగా నున్నది కూలిపోయినది. పరాంతకుడు దీనిని గ్రహింపకపోలేదు. పెద్దకుమారుడు రాజాదిత్యుని పెద్ద సేనతో తిరుమునైప్పాడి నాటిలో, నేటి తిరునావలూరు ప్రాంతమున, కొన్నియేండ్ల ముందే నిలిపియుంచెను. ఆ యువరాజు పరివారమున మలయాళ దేశపు వీరులు మిక్కుటముగా నుండిరి. వారి దానశాసనములు అచటి గుడిగోడలపై నేటికిని కలవు. ప్రమాదము వచ్చు దిక్కును తండ్రి సరిగనే గుర్తించెను. వచ్చు బలమెంతయో మాత్రము ఊహింపలేకపోయెనని మా తలంపు.

ఇక యుద్ధము. దానిని కన్నులజూచి వ్రాసిన చరిత్రకారుడు లేడు. మనకున్నవి రాళ్ళును రాగిరేకులును. వానిలో మొదటిది మండ్య సీమయందలి ఆతకూరు శిల, శకవర్షము 872 నాటిది. కన్నరదేవుడు చోళునితో పోరుచున్నపుడు బూతుగుడు అంబారీనే రణరంగము చేసికొని రాజాదిత్యుని గురిచూచి పొడిచి చంపెనని అందున్నది. రెండవది రాజరాజచోళుని కాలపు ఆనైమంగలము దానపత్రము, హాలండు దేశమునకు చేరుటచేత లైడెన్ శాసనమని పేరువడసినది. కదల్పరాని కృష్ణరాజును సైన్యముతో కూడ తన బాణములచే కదిల్చిన పిదప, పెద్దయేనుగుపై నున్న రాజాదిత్యుని గుండెను శత్రుబాణములు భేదింపగా అతడు వీరస్వర్గమునకు పోయెనని అది చెప్పును. తిరువాలంగాడులో 1905 లో దొరకిన రాజేంద్రచోళుని 31 రాగిరేకుల శాసనమును వంశస్తుతిలో ఇతనిని వీరులలో నొకనిగా నిలిపినది. తక్కోలమునకు పిలుపుదూరమునగల గుడికి, వంశము మరల తలయెత్తి వెలుగుచున్న దినములలో, పళైయనూరు గ్రామమును దానమిచ్చుచు వ్రాయించిన పత్రమది.

ఆతకూరు శిలను మొదట ప్రకటించిన ఫ్లీటు పండితుడు ఒక పదమును వేరుగా చదివి, బూతుగుడు నమ్మించి ద్రోహముతో పొడిచెనని అర్థము చెప్పెను. పిమ్మట తానే ఆ పదమునకు అంబారీ యని అర్థమును సవరించుకొనెను. ఒక మాట చదువుటలోని పొరపాటు ఒక వీరుని కొన్నియేండ్లు ద్రోహిని చేసినది. సవరణ వచ్చిన తరువాతను పాత కథనే చెప్పుకొనువారున్నారు. ద్రోహకథకు గల రుచి పోరుకథకు లేదు కాబోలు.

కృష్ణుడు ఈ మెప్పునకు ప్రతిగా బూతుగునకు బనవాసి 12000, బెళ్వొల 300, పురిగెరె 300, కిసుకాడు 70, బాగెనాడు 70 సీమల నిచ్చెను. బూతుగుని కొలువున మణలేరుడను బంటు తక్కోలమున మిన్నగా పోరెను. ఏమి కావలెనో కోరుకొమ్మని ప్రభువనగా, అతడు కాళి యను వేటకుక్కను కోరెను. ప్రభువిచ్చెను. తరువాత బేళతూరికి పడమటి కొండకడ ఆ కుక్కను ఒక పెద్దపందిపైకి వదలగా రెండును పోరాడి రెండును చచ్చెను. ఆ కుక్కకొరకే ఆతకూరు గుడియెదుట శిల నెత్తించి, దాని పూజకు భూమి నిచ్చిరి. దక్షిణాపథపు తలవ్రాతను మార్చిన సంగ్రామమునుగూర్చి మన కున్న మొదటి సాక్ష్యము నిజమునకొక వేటకుక్క సమాధిరాయి. రాజాదిత్యుని మరణము అందు సందర్భవశమున వచ్చినది.

ఇచట గ్రీకుల సంగతి తలపునకు రాక మానదు. అలెగ్జాండరు మరణానంతరము అతని సేనానులును వారి సంతతియు పంచుకొన్న రాజ్యములు ఒండొంటితో పోరాడిన యుద్ధములలో రాఫియా యుద్ధము మిక్కిలి పెద్దవానిలో నొకటి. క్రీ. పూ. 217 లో గాజాకు దక్షిణమున, ఈజిప్టు ప్రభువు నాలుగవ టాలమీకిని సిరియా ప్రభువు మూడవ ఆంటియోకస్ నకును జరిగినది. పాలిబియస్ అను చరిత్రకారుడు లెక్కలన్నియు వ్రాసిపెట్టెను. టాలమీ వైపు 70000 కాల్బలము, 5000 గుఱ్ఱములు, 73 ఆఫ్రికా యేనుగులు. ఆంటియోకస్ వైపు 62000 కాల్బలము, 6000 గుఱ్ఱములు, 102 ఏనుగులు. ఇవి మన దేశపు ఏనుగులు. వీని వాసనకును ఘీంకారమునకును ఆఫ్రికా యేనుగులలో పెక్కు బెదరినవని కూడ అతడు చెప్పును. ఏనుగును యుద్ధమున నిలుపు విద్య ఆ పడమటి రాజ్యములకు మన దేశము నుండియే చేరినది. అంతకు ముందే చంద్రగుప్త మౌర్యుడు సెల్యూకసునకు 500 ఏనుగుల నిచ్చియుండెను గదా.

రాఫియాలో ఆంటియోకస్ తన కుడిరెక్కతో ఎదిరివారి గుఱ్ఱపుదళమును చెదరగొట్టి, గెలిచితినను ఉబలాటమున చాలదూరము తరుముకొనిపోయెను. ఆలోపల టాలమీ తన కాల్బలము ముందుకువచ్చి కానిపించుటతో వారికి ప్రాణము లేచివచ్చి, శత్రుసేన నడుమ విరిగిపోయెను. రాజు కానిపించుటచే అచట గెలుపు. రాజకుమారుడు కానిపించకుండుటచే తక్కోలమున ఓటమి. రెండుచోట్లను సేనకు రాజే జెండా. ఏనుగును దాని పైనున్నవానిని వేల జనులు దూరమునుండి చూడగలరు. ఆ యెత్తే వానికి బలము, ఆ యెత్తే గురి. పాలిబియస్ వంటివాడు మనకు లేకపోయెనే యని మా తరమువారు వగచుట కద్దు. ఆ వగపు మాకును కలదు. తక్కోలమున ఎన్ని యేనుగులు నిలిచినవో ఎవ్వరు చెప్పగలరు? కాని రాఫియాలో పోరిన 175 ఏనుగులతో పాటు నడచిన మావటీలు తమ రాజును ఏమి కోరుకొనిరో పాలిబియస్ చెప్పలేదు. మా కన్నడశిల ఒక బంటు కోరికను, అతని కుక్క పేరును చెప్పినది. ఏది మేలైన చరిత్ర యని తగవులాడవలదు. రెండును కావలసినవే.

రాఫియా విజేతకును గెలుపు అచ్చిరాలేదు. ఆ యుద్ధమునకై ఆయుధము పట్టించిన దేశీయులైన ఈజిప్టు జనులే పిమ్మట తిరుగుబాటు చేసిరి. కృష్ణుని గెలుపు ఎంతకాలము నిలిచెనో చూతము. సోళపురములోని శాసనమొకటి శకవర్షము 871 ను పేర్కొనుచు, కన్నరదేవుడు రాజాదిత్యుని పొడిచి తొండమండలము ప్రవేశించిన యేడని కాలము చెప్పుచున్నది. ప్రజలు సంవత్సరమును ఆ చావుతో గుర్తుపెట్టుకొనిరన్నమాట. కాంచిని తంజావూరిని కొన్నవాడను బిరుదముతో కృష్ణుని శాసనములు ఈ సీమనిండ వెలసినవి. వైదుంబరాజు తిరువయ్యన్ అతని సామంతుడై దక్షిణ పినాకిని ప్రాంతమున పాలకుడయ్యెను. రాజాదిత్యుడు పాళెము దిగియుండిన సీమయే అది. తెలుగువంశమొకటి తన పగ తీర్చుకొనిన తీరు ఇది.

959 మార్చిలో కృష్ణుడు ఉత్తర ఆర్కాడు సీమయందలి మేల్పాడిలో విడిసి, గెలిచిన భూములను తనవారికి పంచుచుండెనని కర్హాడు శాసనము చెప్పుచున్నది. అదే సంవత్సరమున తెలంగాణమున, వేములవాడ చాళుక్యుల యేలుబడిలోని గంగాధారలో, సోమదేవసూరి యశస్తిలకమను సంస్కృత చంపువును ముగించి, కృష్ణరాజు అప్పుడు మేల్పాడిలో నున్నాడని గ్రంథాంతమున వ్రాసెను. గోదావరీ తీరపు కవికి పాలేటితీరపు దండు సంగతి తెలియుచుండెను. వేంగిలోను కృష్ణుని చేయి పనిచేసెను. అమ్మరాజును తొలగించి బాడపుడు సింహాసనమెక్కినది అతని సాయముననే యని అరుంబాక శాసనము.

ఇంతటి సామ్రాజ్యము కృష్ణుడు 967 లో గతించిన పిదప ఆరేండ్లైన నిలువలేదు. 972 లో పరమార సీయకుడు మాన్యఖేటమును కొల్లగొట్టెను. 973 లో చాళుక్య తైలపుడు రాష్ట్రకూటులను తుదముట్టించెను. తక్కోలమునకు ఇది 24 ఏండ్ల తరువాతి మాట. చోళులు మెల్లమెల్లగా తొండమండలమును తిరిగి రాబట్టుకొనిరి. 985 లో రాజరాజు వచ్చెను. పడమటి శత్రువును, వేంగి సింహాసనమును వేరువేరుగా చూచుట తగదని అతడు తన పూర్వులకంటె బాగుగా ఎరిగెనని మేమనుకొందుము. పెదకల్లు జటాచోడ భీముడు దానార్ణవుని చంపి వేంగిని ఆక్రమించినపుడు దానార్ణవుని కుమారులు చోళుల శరణు జొచ్చియుండిరి. రాజరాజు భీముని అణచి శక్తివర్మకు రాజ్యమిప్పించి, తమ్ముడు విమలాదిత్యునకు కూతురు కుందవను ఇచ్చెను. వారి కుమారుడే రాజరాజనరేంద్రుడు, నన్నయభట్టును భారతము తెనిగింపుమని కోరిన ప్రభువు. తక్కోలమున తిన్న దెబ్బయే ఈ పెండ్లికి కారణమని మేము సాహసించి చెప్పము. ఆ దెబ్బ మరవనివాడే ఈ పెండ్లి తలపెట్టినాడని మాత్రము చెప్పగలము.

1960 ఏప్రిల్ 1 వ తేదీన తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున చేరినది. ఈ సీమ ఎవరిదన్న వాదము ఆ దినములలో మన యిండ్ల అరుగులమీద చాల వినబడెను. బాణులు, వైదుంబులు, గంగులు, చోళులు, రాష్ట్రకూటులు అందరును ఇచటి దేవునికి దీపము పెట్టి పోయినవారే. తక్కోలములో కేంద్ర పారిశ్రామిక భద్రతాదళము వారి శిక్షణకేంద్రము కలదు. 2025 లో దానికి రాజాదిత్య చోళుని పేరు పెట్టిరి. గెలిచిన కన్నరదేవుని తలచువారు శాసనములు చదువువారు మాత్రమే.

మేల్పాడికి మరియొక విశేషము కలదు. రాజాదిత్యుని తమ్ముడు అరింజయుడు ఆట్రూరులో మృతినొందెను. అతని మనుమడగు రాజరాజు, తాతకు స్మారకముగా పళ్ళిప్పడైగుడిని మేల్పాడిలోనే కట్టించెను. కృష్ణుడు కూర్చుండి భూములు పంచిన ఊరది. రాజరాజు తెలిసియే ఆ చోటు నెంచుకొనెనా యన్నది శాసనములు చెప్పవు.

ఈ కథలో మాకు మరపురాని మనిషి వేరొకడు. కేరళ రాజకుటుంబమువాడు, రాజాదిత్యునకు ప్రాణమిత్రుడు. తక్కోలము పోరులో ప్రభువుతో పాటు చావలేకపోతినను వేదన అతనిని విడువలేదు. లోకమునందు విరక్తుడై తిరువొత్తియూరు చేరి, నిరంజనగురువు కడ సన్న్యసించి, చతురానన పండితుడై, ఆ మఠమునకు అధిపతి యయ్యెను. ఆ గుడిలో అతడు శివునికి బంగారమిచ్చి వ్రాయించిన శాసనమున్నది. అందు అతని పుట్టుక, చదువు, యువరాజుతోడి చెలిమి, తరువాతి వైరాగ్యము అన్నియు శ్లోకములలో కలవు. శాసనపు తేదీ మాత్రము, నాటి ఆచారము ననుసరించి, నేలను ఏలుచున్న రాజు పేర వేయవలసివచ్చినది: కన్నరదేవుని 20 వ పాలనవత్సరము.